విందుల్లో కరిగిన ఏడాది

శ్రీరంగరాయలు ఓడిపోతాడు. ఈ కథను ఎవరు చెప్పినా, ఏ ఊరి వైపు నుంచి మొదలుపెట్టినా, చివరికి జరిగేది అదే. రాయవేలూరు కోట చేజారుతుంది. పక్కన నిలిచిన దొరలు ఒక్కొక్కరే తప్పుకుంటారు. విజయనగర సింహాసనం మీద కూర్చున్న ఆఖరి మనిషి, ఒకప్పుడు తన తాతలకు కప్పం కట్టినవాళ్ల గడపల్లో తలదాచుకుంటాడు. అంతా ముందే తెలుసు. అయినా ఒకసారి ఆయన కోసం కూర్చుని కన్నీరు పెట్టవలసిన బాకీ మనకుంది. ఇన్నాళ్లూ పెద్దగా ఎవరూ పెట్టలేదు కనుక.

మనం కృష్ణదేవరాయల్ని తలుచుకుంటాం. తిరుమల గుడిలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ ఆయన విగ్రహాన్ని పిల్లలకు చూపిస్తాం. 2010లో ఆయన పట్టాభిషేకానికి 500 ఏళ్లు నిండాయని ఉత్సవాలు చేసుకున్నాం. భువనవిజయం, అష్టదిగ్గజాలు, అంగట్లో రాసులు పోసిన రత్నాలు, ఆ వైభవానికి వారసులం మేమేనని ఇప్పటికీ పోటీ పడతాం. అదే సింహాసనానికి చివర కూర్చున్నవాడు పడ్డ పాట్లకు మాత్రం వారసులెవరూ లేరు.

ఈ కథను నేను మింజూరు వైపు నుంచి చెబుతాను. చెన్నై సెంట్రల్‌లో గుమ్మిడిపూండి లోకల్ ఎక్కితే దారిలో తగిలే ఊరు. ఏకాంబరేశ్వరుడు, వరదరాజ పెరుమాళ్ ఇద్దరూ ఇక్కడ కొలువై ఉన్నారు కనుక దీన్ని వడకంచి అంటారు, ఉత్తరపు కంచి. ఈ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో బడిలో తమిళం, వంటింట్లో తెలుగు. ఇదే జిల్లాలోని తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రప్రదేశ్‌లో ఉండేది. ఎల్లలు కదిలాయి, మనుషులు అక్కడే ఉన్నారు. మింజూరు చరిత్ర పుస్తకాలకెక్కిన ఊరేమీ కాదు. కానీ ఇక్కడ నిలబడి నాలుగు దిక్కులూ చూస్తే కథంతా కంటికి ఆనుతుంది. ఉత్తరాన పొన్నేరి దాటి వెళితే పళవేర్కాడు, అదే పులికాట్, డచ్చివాళ్ల కోట. దక్షిణాన చెన్నపట్నం, ఇంగ్లీషువాళ్ల కోట. పడమట రాయవేలూరు, రాయలవారి కోట. వాయవ్యంగా నారాయణవనం, చంద్రగిరి. ఒక సామ్రాజ్యం ప్రాణం పోతున్నప్పుడు ఆ పక్కనే రెండు కొత్త శక్తులు పురుడు పోసుకున్నాయి, మధ్యలో మన పల్లెలు.

పతనం అనగానే మనకు 1565 జనవరి గుర్తొస్తుంది. రక్కసగి, తంగడి ఊళ్ల దగ్గర అళియ రామరాయలు తల తెగింది, హంపి తగలబడింది. రామరాయలు ఏళ్ల తరబడి దక్కను సుల్తానుల్లో ఒకరి మీదికి మరొకరిని ఉసిగొల్పుతూ ఆట ఆడాడు. చివరికి ఆ చిన్న రాజ్యాలకు భయం పట్టింది. బిజాపూరు, అహ్మద్‌నగరు, గోల్కొండ, బీదరు తమ పగలను కొన్నాళ్లు పక్కన పెట్టాయి, పెళ్లిళ్లతో వియ్యమందుకున్నాయి, కలిసి కదిలాయి. ఆ పొత్తు యుద్ధం తర్వాత ఎన్నాళ్లో నిలవలేదు. అవసరమైన ఒక్కరోజు నిలిచింది, అంతే.

ఆ రోజుతో విజయనగరం చచ్చిపోలేదు. మన బడి పుస్తకాలు అక్కడే తెర దించేస్తాయి గానీ ఆ తర్వాత మరో ఎనభై ఏళ్ల పైన ఊపిరి ఆడింది. రామరాయల తమ్ముడు తిరుమల రాయలు పెనుకొండలో గద్దె వేశాడు. కొడుకుల్లో శ్రీరంగరాయలికి పెనుకొండలో తెలుగు సీమ, రామరాయలికి శ్రీరంగపట్నంలో కన్నడ సీమ, వేంకటపతికి చంద్రగిరిలో తమిళ సీమ అప్పగించాడు. ఏలుబడికి అది సులువే అయి ఉండవచ్చు. కానీ ఒకే ఇంట్లో మూడు పొయ్యిలు వెలిగాయి.

చివరికి మిగిలింది వేంకటపతిరాయలు. 1586 నుంచి 1614 దాకా ఏలాడు. పోయిన దాంట్లో చాలా తిరిగి సంపాదించాడు. రాజధానిని చంద్రగిరికి తెచ్చాడు, రాయవేలూరు పట్టుకున్నాడు. సామంతులు మళ్లీ కప్పం కట్టారు. ఆయన చేతిలో ఇంకో ఇరవై ఏళ్లు ఉంటే, ఆయనకు కొడుకు ఉంటే, ఇలా అనుకోవడం మొదలుపెడితే ఈ కథలో ఎక్కడా ఆగలేం.

ఆయన కాలంలోనే 1610లో డచ్చివాళ్లు పళవేర్కాడులో వ్యాపారానికి అనుమతి పొందారు. ఆ రేవు అప్పుడు ఆయన రాణి ఓబాంబ చేతిలో ఉండేది. రెండేళ్లకు మైలాపూరు శాంథోమ్‌ నుంచి పోర్చుగీసువాళ్లు వచ్చి డచ్చి స్థావరాన్ని ధ్వంసం చేశారు. 1613లో అక్కడ రాతి కోట లేచింది. దానికి గెల్డ్రియా అని పేరు పెట్టారు.

ఆ పేరు దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. గెల్డర్‌లాండ్ ఒక చిన్న సీమ. మహా సామ్రాజ్యమైన స్పెయిన్ కింద నలుగుతూ, ఒంటరిగా తిరగబడితే బతకలేమని తెలుసుకుని 1579లో యూట్రెక్ట్ అనే ఊళ్లో ఒడంబడిక చేసుకున్న సీమల్లో అదీ ఒకటి. ఏడు సీమలు, ఏడు సభలు, ఎడతెగని కొట్లాటలు. అయినా శత్రువు ముందు ఒకే జెండా. వాళ్ల వర్తకులూ అంతే. ఒకరి ధర ఒకరు పడగొట్టుకుంటూ నష్టపోయాక 1602లో ఆరు పట్నాల వర్తకులు కలిసి ఒకే కంపెనీ అయ్యారు. వాళ్లేమీ మహానుభావులు కాదు. పళవేర్కాడు నుంచి మనుషుల్ని బానిసలుగా ఓడలకెత్తించినవాళ్లు. కానీ కలవకపోతే చస్తామన్న ఒక్క పాఠం వాళ్లకు ఒంటబట్టింది. కలిసినవాళ్లు కట్టిన కోట, విడిపోతున్న రాజ్యం నడిబొడ్డున, మింజూరుకు ఒక పూట నడకలో లేచి నిలబడింది. దాన్ని చూసిన మన నాయకులు గోడల ఎత్తు చూశారు, ఫిరంగులు చూశారు. దాని కింద ఉన్న ఒడంబడిక ఎవరి కంటా పడలేదు.

1614 అక్టోబరులో వేంకటపతిరాయలు మంచం పట్టాడు. అన్న కొడుకు శ్రీరంగడిని, మన కథలోని శ్రీరంగడు కాదు, పిలిచి రాజముద్ర ఉంగరం చేతికిచ్చాడు. మూడు రోజులకు కన్నుమూశాడు. ఓబాంబ ఒక పసివాణ్ని తన బిడ్డగా పెంచుతూ ఉండేది, రాయలకు పుట్టలేదని లోకమంతా అనుకునే బిడ్డ. ఆమె పుట్టింటివాడైన గొబ్బూరి జగ్గరాయుడు ఆ పిల్లవాడి పేరు చెప్పి, కొత్త రాజునూ భార్యాబిడ్డలనూ చెరలో పెట్టాడు. వాళ్ల పక్షాన నిలిచింది వెలుగోటి యాచమ నాయుడు ఒక్కడే. ఆయన పంపిన చాకలి, మైలబట్టల మూటలో రాజు రెండో కొడుకు రామదేవుణ్ని దాచి కావలి దాటించాడు. పన్నెండేళ్ల పిల్లవాడు. తక్కిన కుటుంబమంతా ఆ చెరలోనే కత్తిపాలైంది. ఆ కాలపు జెస్యూట్ పాదిరి ఒకాయన ఉత్తరంలో రాసిన ఆ వివరాలు చదివితే చేతులు వణుకుతాయి. ఇక్కడ రాయలేను. ఆ చాకలి పేరు ఏ శాసనంలోనూ లేదు. ఈ కథ మొత్తంలో ఎవరికి ఏమొస్తుందని లెక్క చూసుకోకుండా పని చేసినవాళ్లు ఒకరిద్దరే కనబడతారు, వాళ్లలో ఆయనొకడు.

రెండేళ్ల తర్వాత కావేరి పెద్ద ఆనకట్టకు దగ్గరలో తొప్పూరు దగ్గర దక్షిణాదంతా రెండుగా చీలి కొట్టుకుంది. ఒకవైపు జగ్గరాయుడు, మధుర నాయకుడు, చెంజి నాయకుడు. మరోవైపు యాచమ నాయుడు, తంజావూరు రఘునాథ నాయకుడు. ఆ యుద్ధంలో శత్రువులు కావేరి కట్టనే తెంచేశారని తంజావూరు కావ్యాలు చెబుతాయి. ఆ కట్ట కింద ఎన్ని ఊళ్ల పొలాలు తడుస్తాయో తెలిసీ తెంచారు. రామదేవుడు గెలిచాడు, జగ్గరాయుడు హతమయ్యాడు. రఘునాథుడి తోడుతో బాలుడికి పట్టం కట్టారు.

అక్కడైనా నిలవవలసింది. ఒక ధర్మబద్ధమైన రాజు ఉన్నాడు, ఆయన కోసం ప్రాణమిచ్చే నాయకులున్నారు, నెత్తురు చూసి అందరూ అలిసిపోయి ఉన్నారు. కానీ శాంతి కోసమని రామదేవుడు జగ్గరాయుడి తమ్ముడు యతిరాజు కూతుర్ని పెళ్లాడాడు. గొబ్బూరివాళ్లు మళ్లీ చుట్టాలయ్యారు. రాయల వంశాన్ని కాపాడిన యాచమ నాయుడు పరాయివాడై, అదే రాజుతో పోరాడి నేల పోగొట్టుకున్నాడు. ఇంత చేసిన మనిషికి దక్కింది అది. ఇకమీదట రాయల కోసం ఎవరు తెగిస్తారు?

రామదేవుడు చిన్నవయసులోనే పోయాడు. తర్వాత మూడో వేంకటపతి, అళియ రామరాయల మనుమడు. ఆయన సోదరుడి కొడుకే మన శ్రీరంగడు. ఇక్కడ చెప్పడానికి మనసొప్పని మాట ఒకటుంది. ఈ శ్రీరంగడే 1638లో ఆ వేంకటపతి మీద తిరగబడి బిజాపూరు సైన్యాన్ని వెంటబెట్టుకు వచ్చాడు. మనం ఎవరి కోసం ఏడవబోతున్నామో ఆయన చేతులూ శుభ్రంగా లేవు. ఇంటి తగువు తీర్చడానికి బయటివాణ్ని పిలవడం దక్షిణాదికి అప్పటికే అలవాటైపోయింది. ఆ అలవాటును ఆయన కూడా పెంచాడు, తర్వాత దానికే బలయ్యాడు.

ఆ మరుసటి ఏడాది, 1639లో, ఎవరూ పట్టించుకోని ఒక చిన్న పని జరిగింది. వందవాశి, కాళహస్తి సీమలు ఏలే దామర్ల వేంకటప్ప నాయకుడు, పూందమల్లిలో ఉండే ఆయన తమ్ముడు అయ్యప్ప నాయకుడు కలిసి ఫ్రాన్సిస్ డే అనే ఇంగ్లీషు వర్తకుడికి సముద్రపు ఒడ్డున ఒక ఇసుక పర్ర ఇప్పించారు. తండ్రి చెన్నప్ప పేర ఊరికి చెన్నపట్నమని పేరు. పళవేర్కాడు డచ్చివాళ్లు, మైలాపూరు పోర్చుగీసువాళ్లు ఎప్పుడూ కొట్టుకుంటుంటే మధ్యలో ఒక ఊరు కట్టి ఆ పోరు ఆపాలన్నది అయ్యప్ప తలపు అని వాళ్ల సోదరుడు అంకభూపాలుడు తన ఉషాపరిణయంలో చెప్పుకున్నాడు. సదుద్దేశమే. రెండు పులుల మధ్య మూడోదాన్ని కట్టేస్తే పోరు ఆగుతుందనుకున్నారు, పాపం.

1642 అక్టోబరు. గోల్కొండ సైన్యం తీరం వెంట దిగుతోంది. మూడో వేంకటపతి నారాయణవనం దగ్గరి అడవుల్లో తలదాచుకుని అక్కడే ప్రాణాలు విడిచాడు. అదే నెలాఖరున, బిజాపూరు శిబిరం వదిలి వచ్చిన శ్రీరంగడు పట్టం కట్టుకున్నాడు. కిరీటం పెట్టుకున్న రోజున ఆయన చుట్టూ ఉన్నదేమిటో చూడండి. ఉత్తరాన గోల్కొండ, పడమట బిజాపూరు. దక్షిణాన మధుర, తంజావూరు, చెంజి, నామమాత్రపు సామంతులు. తూర్పున సముద్రం, దాని అంచున రెండు కంపెనీలు. లోపల, తనను ద్రోహి అని నిన్నటిదాకా అన్న సొంత దొరలు. దామర్ల వేంకటప్పే గోల్కొండతో లోపాయికారీగా మంతనాలాడుతున్నాడని తేలి, రాయలు ఆయన్ని బంధించాడు. ఆయన చుట్టాలు దండు కట్టారు.

అయినా ఈ శ్రీరంగడు చేతులు కట్టుకు కూర్చోలేదు. 1644లో గోల్కొండ సేనను వెనక్కి తరిమాడు కూడా. కొన్ని నెలలపాటు తీరంలోని తెల్లవర్తకులు సైతం రాయలు మళ్లీ లేస్తాడేమో అనుకున్నారు. 1645లో ఇంగ్లీషువాళ్లు తమ మనిషిని రాయవేలూరు పంపి, పాత దానపత్రాన్ని కొత్తగా రాయించుకున్నారు. ఆ పత్రంలో ఆయన చెన్నపట్నాన్ని శ్రీరంగరాయపట్నం అన్నాడు, నా ఊరు అన్నాడు. ఆ ఊరికి ఆ పేరు నిలవలేదు. ఆ మాట రాయించినప్పుడు ఆయన ముఖం ఎలా ఉండి ఉంటుందో ఎన్నిసార్లు ఊహించుకున్నా నాకు అందదు.

అదే ఏడాది మధుర తిరుమల నాయకుడు కప్పం ఆపేశాడు. తెలివైన పాలకుడు, గొప్ప కట్టడాలు కట్టించినవాడు. మధురలో ఆయన మహలు ఇప్పటికీ చూసి తీరవలసిందే. ఆయన ఆలోచనలో తప్పు పట్టడమూ కష్టం. ఉత్తరాన పోరాడే రాయల ఖర్చుకు దక్షిణాన తానెందుకు సొమ్ము కక్కాలి? రాయలు బలపడితే మొదట తన మెడ మీదికే రాడా? చెంజితో, తంజావూరుతో కూటమి కట్టాడు, రాయలకు ఎదురుగా. తంజావూరు విజయరాఘవ నాయకుడు భయపడి ఆ గుట్టు రాయలకే చేరవేశాడు. రాయలు చెంజి మీదికి కదిలాడు. అప్పుడు తిరుమల నాయకుడు గోల్కొండకు కబురు పెట్టాడు, వెనక నుంచి రాయవేలూరు మీద పడమని.

లోపల బలం తగ్గితే బయటిది లోనికి వస్తుంది. మింజూరు చుట్టూ బావులు తవ్విన రైతుకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చెన్నై ఫ్యాక్టరీలకూ చుట్టుపక్కల పొలాలకూ ఇక్కడి నేలలోని తీపి నీళ్లను దశాబ్దాల తరబడి ఎవరికి వారు తోడుకున్నారు. లోపలి నీళ్ల ఒత్తిడి తగ్గిన కొద్దీ సముద్రపు ఉప్పు నేల కింద నుంచే పాకుతూ వచ్చి బావుల్లో చేరింది. ఎవరూ గట్టు తెంచలేదు, కెరటం లేచి మీద పడలేదు.

రాయలు తిరిగి వచ్చి పోరాడాడు, ఓడాడు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా, వజ్రాల వ్యాపారంతో పైకొచ్చిన పారసీకుడు, కోట తర్వాత కోట మింగుకుంటూ వచ్చాడు. 1646 నాటికి ఉదయగిరి పోయింది, పళవేర్కాడు సీమ పోయింది. అప్పుడు గానీ దక్షిణ నాయకులకు తాము పిలిచింది ఎవరినో తెలియలేదు. శ్రీరంగరాయలు వాళ్ల దగ్గరికే వెళ్లాడు. మధుర, తంజావూరు, చెంజి నాయకులు ముగ్గురూ రాయలతో ఒకచోట కూడారు.

ఆ ఘడియను తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. మూడు వందల ఏళ్ల సామ్రాజ్యానికి మిగిలినవాళ్లందరూ ఒకే కప్పు కింద ఉన్నారు. అందరి ఇళ్లలో తెలుగు కావ్యాలు, అందరి కోటల్లో సైన్యాలు, అందరి భూముల్లో పంట. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఎవరు సేనాపతి, ఎవరి వంతు ఎంత సొమ్ము, గెలిచాక ఎవరి కోట ఎవరిది, ఈ నాలుగు మాటలు తేల్చుకుని చేతులు కలిపి ఉంటే రాయవేలూరు నిలిచేదేమో. నిలవకపోయినా కనీసం ఒక్కొక్కరుగా తెగిపోయేవాళ్లు కాదు.

వాళ్లు ఏడాదికి పైగా అక్కడే ఉన్నారు. తిరుచినాపల్లి నుంచి రాసే ప్రోయెన్సా అనే పాదిరి 1659లో తన పెద్దలకు రాసిన ఉత్తరంలో ఆ కాలం సంగతి చెప్పాడు. ఏడాదికి పైగా పండుగలు, విందులు, వినోదాలు. అటు గోల్కొండవాళ్లు నింపాదిగా రాయల దేశాన్ని ఊరూ ఊరూ పట్టుకుంటున్నారు. ఇటు పళ్లేలు వడ్డిస్తున్నారు. రాయలవారికి లాంఛనాల్లో లోటు రానివ్వలేదని నేను ఊహించుకుంటాను. సింహాసనం వేసి ఉంటారు, వింజామరలు వీచి ఉంటారు, కైవారాలు పాడి ఉంటారు. ఆ మర్యాదలో అబద్ధం లేదు, అదే బాధ. రాయలంటే వాళ్లకు నిజంగానే భక్తి. ఆ పేరు వింటే ఒళ్లు పులకరించేది. కానీ ఆ భక్తికి దండు నడిపే ఓపిక లేదు, ఖజానా తాళం తీసే మనసు లేదు. పోయిన సామ్రాజ్యాన్ని తలుచుకుని మురవడానికి ఒక రాయలు కావాలి, అంతే. ఆ రాయలు లేచి నడవడం, పన్ను అడగడం వాళ్లకు అక్కర్లేదు. సామ్రాజ్యం అంటే పైనుంచి ఒకడు గుంజి పట్టిన తాడు, అది ఎలాగూ తెగింది. కింద నుంచి నలుగురూ సమంగా పట్టుకునే తాడు పేనుకోవాలన్న తలపు, అందుకు ఎవరి వంతు వాళ్లు వదులుకోవాలన్న తలపు, ఆ విందులో ఎవరికీ రాలేదు.

ఏడాది తర్వాత అనుమానాలు మొదలయ్యాయి. ఒకరి మీద ఒకరికి ఈర్ష్య. కూటమి చెదిరింది. ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. రాయలు తంజావూరుకు ఉత్తరాన కళ్లర్ తెగవాళ్ల అడవుల్లో నాలుగు నెలలు గడిపాడు. వెంట వచ్చిన పరివారం ఒక్కొక్కరే కనబడకుండా పోయారు.

ఆ రోజుల్లోనే తీరమంతా కరువు. 1646, 1647 ఏళ్లలో పళవేర్కాడు, చెన్నపట్నం, మైలాపూరు వీధుల్లో వేలమంది ఆకలితో రాలిపోయారు. నేత మగ్గాలు ఆగిపోయాయి. తినడానికి లేక తమను తామే అమ్ముకున్నవాళ్లను డచ్చి ఓడలు బటావియాకు తీసుకుపోయాయి. వాళ్లు ఏ ఊరివాళ్లు, ఏ భాషవాళ్లు అని ఎవరు అడిగారు? మింజూరు, పొన్నేరి దారుల వెంట పళవేర్కాడుకు నడిచినవాళ్లూ ఉండే ఉంటారు. రాజుల కథలో వీళ్లకు రెండు వాక్యాలు మించి రావు. నేనూ అంతకన్నా రాయలేకపోతున్నాను.

తర్వాతిదంతా త్వరగా అయిపోయింది. చెంజిని కాపాడమని తిరుమల నాయకుడు ఈసారి బిజాపూరును పిలిచాడు. వచ్చినవాళ్లు గోల్కొండతో కలిసిపోయి చెంజిని తామే మింగారు. మధుర, తంజావూరు కప్పాలు కట్టి ప్రాణం దక్కించుకున్నాయి. రాయలకు ఇవ్వనన్న సొమ్ముకు ఎన్నో రెట్లు సుల్తానులకు పోసుకున్నాయి. రాయవేలూరూ నిలవలేదు.

శ్రీరంగరాయలు మైసూరు చేరాడు, తన పూర్వుల సామంత రాజ్యం. ఢిల్లీకి రాయబారం పంపాడు, దక్కను సుబేదారుగా ఉన్న ఔరంగజేబు కాపాడతాడేమోనని ఎదురుచూశాడు. చివరికి కెళది శివప్ప నాయకుడు ఆదరించి బేలూరు సీమ ఇచ్చాడు. రాయలవారికి గద్దె తిరిగి ఇప్పిస్తానని శ్రీరంగపట్నాన్ని ముట్టడించాడు గానీ అది సాగలేదు. అడవుల పక్కన, హొయసలుల గుడి నీడన, చక్రవర్తి బిరుదులన్నీ ఒక్కటీ వదలకుండా దానశాసనాలు రాయించుకుంటూ ఆయన మిగిలిన జీవితం వెళ్లబుచ్చాడు. 1670లలో ఎప్పుడో పోయాడు. ఎక్కడ దహనం చేశారో చెప్పే రాయి లేదు.

పేరు మాత్రం బతికింది. పళవేర్కాడు డచ్చివాళ్లు ముద్రించిన బంగారు వరహాల మీదా, చెన్నపట్నం ఇంగ్లీషువాళ్ల వరహాల మీదా రాయల కాలపు వరస ప్రకారం స్వామి బొమ్మే ఉండేది. మూడు స్వామి వరహా అన్నది ఇంగ్లీషు కోటలో తయారైన నాణెమే. ఆ బొమ్మ ఉంటేనే బజారులో నమ్మకం. రాయలు పోయాడు, రాయల నాణెం చెల్లింది.

మనవాళ్లే ఇలా అని నొచ్చుకోనక్కర్లేదు. 1918లో ఆస్ట్రియా, హంగరీ సామ్రాజ్యం విరిగినప్పుడు వియన్నా కాఫీ హోటళ్లలో కూర్చుని పాత చక్రవర్తిని తలుచుకుని ఏడ్చినవాళ్లు ఎంతమందో. జోసెఫ్ రోత్ అనే రచయిత 1932లో ఆ బెంగను రాడెట్స్‌కీ మార్చ్ అనే గొప్ప నవలగా రాశాడు. ఆ సామ్రాజ్యం ముక్కల్లోంచి పుట్టిన చిన్న దేశాలు ఒకదాన్నొకటి నమ్మలేదు. 1938లో ఆస్ట్రియా, 1939లో చెకోస్లొవాకియా హిట్లరు నోట్లోకి వెళ్లాయి. ఆ మంటలు ఇంకా ఆరకముందే, 1944లో, దేశాలు పోగొట్టుకుని లండన్‌లో తలదాచుకున్న బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ప్రభుత్వాలు సుంకాల ఒప్పందం ఒకటి రాసుకున్నాయి. నేటి ఐరోపా సమాఖ్యకు మొదటి విత్తనాల్లో అదొకటి. వాళ్లకూ ఇల్లు కాలాకే బుద్ధి వచ్చింది. కాలిన తర్వాతైనా వచ్చింది. మన నాయకులకు ఆ అవకాశం ఒకసారి కాదు, నాలుగుసార్లు వచ్చిపోయింది.

1673లో మధుర చొక్కనాథ నాయకుడు తంజావూరు ఆడపడుచును పెళ్లికి అడిగాడు. విజయరాఘవుడు ఇవ్వనన్నాడు. ఆ కోపంతో దండు వచ్చింది. ఒకప్పుడు రాయలకు గుట్టు చేరవేసిన విజయరాఘవుడు ఇప్పుడు ముసలివాడు, యక్షగానాలు రాసినవాడు, రంగాజమ్మ వంటి కవయిత్రిని ఆదరించినవాడు. అంతఃపుర స్త్రీలు శత్రువు చేత చిక్కకుండా తుపాకీమందు పేర్పించి, నిప్పు పెట్టించి, తాను రణంలో పడిపోయాడు. తెలుగు నాయకుణ్ని తెలుగు నాయకుడే చంపాడు. పట్నం చొక్కనాథుడికీ దక్కలేదు. రెండు మూడేళ్లు తిరగకుండానే బిజాపూరు పంపిన మరాఠా ఏకోజీ దాన్ని తన ఇల్లు చేసుకున్నాడు.

మధుర మరో అరవై ఏళ్లు నిలిచింది. దాని తామ్రశాసనాలు పద్దెనిమిదో శతాబ్దంలో కూడా రాయల పేరు ముందు పెట్టి, ఆయన ఘనగిరిలో, అంటే పెనుకొండలో, రత్నసింహాసనం మీద కూర్చుని భూమి ఏలుతున్నట్టే రాసుకొచ్చాయి. పెనుకొండ అప్పటికి ఎప్పుడో పరుల పాలైంది.

1736లో మధుర చివరి రాణి మీనాక్షి తిరుచినాపల్లి కోటలో చందా సాహెబు మాట నమ్మి తలుపులు తెరిచింది. ఆయన మాట తప్పాడు, ఆమె విషం తాగింది. సాయానికి పిలుద్దామంటే చెంజిలో నాయకుడు లేడు, రాయవేలూరులో రాయలు లేడు. తంజావూరు నాయకులు అసలే లేరు. వాళ్ల వంశాన్ని తుడిచిపెట్టిన చొక్కనాథుడు ఆమె భర్తకు స్వయానా తాత.